ఫ్రీరెన్ మూడు ఎపిసోడ్లకే నిద్రొచ్చింది, ఈ ఫ్యాంటసీ అనిమేల హైప్ అంతా నిజమేనా?

మీ ప్రశ్న చదవగానే మా మేనల్లుడే వేరే పేరుతో అడిగాడేమో అనుకున్నాను. డీమన్ స్లేయర్, సోలో లెవెలింగ్ అనే అనిమేలు (జపాన్ బొమ్మల సిరీస్‌లు) చూసేశారు, అందరూ నంబర్ వన్ అంటున్నారని ఫ్రీరెన్ మొదలుపెట్టారు, మూడు ఎపిసోడ్లయినా గట్టి ఫైట్ ఒక్కటీ రాలేదు, నిద్రొచ్చింది. వదిలేయాలా, ఓపిక పట్టాలా, అసలు ఈ హైప్‌కి తగ్గ సిరీస్ ఏదైనా ఉందా అని అడిగారు. ఇంటర్ సెకండియర్ చదివే మావాడిదీ ఇదే గోల.

నిద్రొస్తే పడుకోండి. అందులో తప్పేం లేదు. కానీ హైప్ గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, అవి చెప్పకుండా వదలను.

హైప్ అంటే ఓపెనింగ్స్. మన సినిమాలకి శుక్రవారం ఉదయం ఉండే గోల చూశారుగా, అదే. సోమవారం మ్యాట్నీకి ఎంతమంది ఉన్నారన్నది వేరే లెక్క. అనిమేలో ఆ సోమవారం ఎప్పుడొస్తుందంటే, ఫైట్ ఆగినప్పుడు. కత్తులు దించేశారు, బీజీఎం ఆగిపోయింది, ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు మీ చెయ్యి ఫోన్ మీదికి పోయిందా లేదా? నేను చూసే పరీక్ష ఇదొక్కటే. మిగతా రేటింగులన్నీ దండగ. మొదటి ఎపిసోడ్ అయిన పది నిమిషాలకే పదికి పది వేసేవాళ్లు కొందరు, పక్క సిరీస్‌ని కిందికి లాగడానికి పనిగట్టుకుని ఒకటి వేసేవాళ్లు ఇంకొందరు. అనిమేలకి జనం మార్కులేసే మైఅనిమేలిస్ట్ సైట్‌లో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్న ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్‌ని ఫ్రీరెన్ దాటేసినప్పుడు జరిగిన యుద్ధం చూస్తే మన హీరోల ఫ్యాన్స్ నయమనిపించింది.

సోలో లెవెలింగ్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. అది పక్కా మాస్ సినిమా, ఎపిసోడ్‌కో ఇంటర్వెల్ బ్యాంగ్. ఊళ్లో అందరికంటే బలహీనుడైన కుర్రాడు అందరికంటే మొనగాడవుతాడు. ఎలివేషన్ మీద ఎలివేషన్. 2025లో అనిమేలు చూపించే క్రంచీరోల్ యాప్ వాళ్లు దానికే ఆ ఏటి ఉత్తమ అనిమే అవార్డిచ్చారు. చూస్తున్నంతసేపు నేనూ ఈలేశాను, కాదనను. రెండో సీజన్ అయిపోయాక హీరో చెల్లెలి పేరేంటని మావాణ్ణి అడిగితే గుర్తులేదన్నాడు. వాడు మాత్రం ఆ సిరీస్ రెండుసార్లు చూశాడు.

డీమన్ స్లేయర్ లెక్క వేరు. 2019 ఏప్రిల్‌లో మొదలైంది, ఆగస్టులో పంతొమ్మిదో ఎపిసోడ్ వచ్చింది, అంతే, ప్రపంచం ఊగిపోయింది. యూఫోటేబుల్ స్టూడియో వాళ్లు ఆ నిప్పూ నీళ్లూ గీసిన తీరుకి ఎవరైనా దండం పెట్టాల్సిందే. 2020లో వచ్చిన ముగెన్ ట్రెయిన్ సినిమా, జపాన్‌లో 2001 నుంచి ఎవరూ కదపలేని స్పిరిటెడ్ అవే వసూళ్ల రికార్డును కొట్టేసింది. ఇంత హైప్ ఉన్న కథలో హీరో ఏం చేస్తాడంటే, కళ్లముందు కనిపిస్తున్నదాన్నే మళ్లీ నోటితో చెబుతాడు. 'వాసన వస్తోంది! దగ్గరికొస్తున్నాడు!' తెలుస్తోంది బాబూ, మేమూ చూస్తున్నాం. ఆ పసుపు జుట్టు పిల్లాడి కేకలకైతే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి సౌండ్ తగ్గించి వెళ్లేది.

డీమన్ స్లేయర్ కొత్త సినిమా ఇన్ఫినిటీ క్యాజిల్ తెలుగులో కూడా వచ్చిందని పోయిన సెప్టెంబరులో మావాణ్ణి తీసుకుని ఏలూరు నుంచి విజయవాడ వెళ్లాను. 2025 సెప్టెంబరు 12, మిరాయ్ కూడా అదే రోజు రిలీజ్. మిరాయ్‌కి వచ్చిన పెద్దవాళ్లు కొందరు మా క్యూ చూసి 'ఈ పిల్లలంతా ఏ సినిమాకిరా?' అని అడిగారు. సినిమా రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. చివర్లో అకాజా అనే విలన్ గతం వస్తుంది (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసే పిల్లాడు, దొరికినప్పుడల్లా చేతులకి పచ్చబొట్టు గీతలు. ఆ తండ్రి, కొడుకు దొంగ కాకూడదని తనే ఉరేసుకుంటాడు. హాల్లో అప్పటిదాకా విజిళ్లు. ఇక్కడికొచ్చేసరికి వరసగా ఫోన్లు వెలిగాయి. వెనకనుంచి ఒకడు 'ఫైట్ మధ్యలో ఈ సీరియల్ ఏంట్రా' అన్నాడు. నాకేమో గొంతు పట్టేసింది. ఆ సినిమాలో నా లెక్కకి నిలబడింది ఆ అరగంటే. మూడొందల పాప్‌కార్న్ ఎలాగూ అప్పటికే మెత్తబడిపోయింది.

ఇప్పుడు ఫ్రీరెన్. ఇది నాకు అర్థం చేయించింది నేను కాదు, మావాడూ కాదు, మా నాన్న.

దసరా సెలవులు. రాత్రి తొమ్మిదవుతోంది. మావాడు ఫోన్‌ని హాల్లో టీవీకి కలిపి మొదటి ఎపిసోడ్ పెట్టాడు. నాన్న పడక్కుర్చీలో ఉన్నారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున టీవీలో ప్రవచనం, రాత్రి వార్తలు, మిగతా టైమంతా పేపరు. తొమ్మిదిన్నర వార్తల కోసం కూర్చున్నారు.

"ఏంట్రా ఇది, బొమ్మల సినిమానా?"

"అనిమే తాతయ్యా."

"అదేలే, బొమ్మలే కదా."

మాటలు జపనీస్, కింద సబ్‌టైటిల్స్ ఇంగ్లీషు. నాన్న కళ్లకి ఆ అక్షరాలు ఆనవు. అందుకని నేను చదివి తెలుగులో చెప్పాలి. పది సంవత్సరాలు తిరిగి రాక్షసరాజుని చంపి నలుగురు రాజధానికి వస్తున్నారు నాన్నా అన్నాను. ఆ తెల్లజుట్టు అమ్మాయి ఫ్రీరెన్, ఎల్ఫ్. ఎల్ఫ్ అంటే ఏంటన్నారు. ఏం చెప్పను? గంధర్వ జాతి అనుకో, వెయ్యేళ్లకు పైగా బతుకుతారు అన్నాను. ఊఁ అన్నారు. ఆ రాత్రి ఆకాశంలో ఉల్కలు రాలతాయి. యాభై ఏళ్లకోసారి వచ్చే వాన అది. వచ్చేసారికి ఇంకా బాగా కనిపించే చోటు చూపిస్తానని ఫ్రీరెన్ వాళ్లకి మాటిచ్చి, ఏదో పక్కూరికి వెళ్లొస్తానన్నట్టు వెళ్లిపోతుంది.

తర్వాత సీను యాభై ఏళ్ల తర్వాత. ఆమెలో ఒక్క వెంట్రుక మారలేదు. గుమ్మంలో తెల్లగడ్డంతో, బట్టతలతో ఒక పొట్టి ముసలాయన.

"ఈయనెవరు?"

"అతనే నాన్నా. హిమ్మెల్. ఇందాకటి హీరో."

నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. "ఇప్పుడెందుకొచ్చిందిట?"

అప్పట్లో దాచమని ఇచ్చిన రాక్షసజంతువు కొమ్మొకటి ఉందట, దానికోసం అన్నాను.

"అంటే మనిషిని చూడ్డానికి కాదన్నమాట. బస్సులో సంచి మర్చిపోయినవాళ్లు డిపోకి వచ్చినట్టు వచ్చింది."

నేను ఆ ఎపిసోడ్ అంతకుముందే ఒకసారి ఒంటరిగా చూశాను. ఈ మాట నాకు తట్టలేదు. యూట్యూబ్‌లో గంటేసి విశ్లేషణలు చేసే ఎవరికీ తట్టి ఉండదని కూడా నా నమ్మకం.

నలుగురూ మళ్లీ కలిసి ఉల్కలు చూస్తారు. కొన్నాళ్లకి హిమ్మెల్ పోతాడు. అంత్యక్రియల్లో ఆమె మొహంలో చలనం లేదని జనం గుసగుసలాడతారు. పెట్టెని గోతిలోకి దించాక అప్పుడు ఏడుస్తుంది. మనుషుల ఆయుష్షు తక్కువని తెలిసి కూడా అతన్ని ఇంకాస్త తెలుసుకోవాలని ఎందుకు ప్రయత్నించలేదు అంటుంది. అది తెలుగులో చెప్పడానికి నాకు కాస్త టైం పట్టింది. నాన్న ఏం మాట్లాడలేదు. తొమ్మిదిన్నర దాటిపోయింది, వార్తలు పెట్టమనీ అనలేదు.

కాసేపాగి, "ఇది రేవతి కథే కదరా" అన్నారు.

ఏ రేవతి అన్నాడు మావాడు. ఇక మొదలుపెట్టారు. భాగవతం నవమ స్కంధంలో ఉంది. కకుద్మి అనే రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. అది అయ్యేదాకా ఆగి అడిగితే బ్రహ్మ నవ్వుతాడు. నువ్వనుకున్న వరులే కాదు, వాళ్ల మనవలూ లేరు, కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి అంటాడు. చివరికి బలరాముడికిచ్చి పెళ్లి చేస్తాడు. పాతకాలపు మనిషి కదా, చాలా పొడుగట, బలరాముడు నాగలితో తన ఎత్తుకి దించుకున్నాడని చెబుతారు. "ఇక్కడేమో ఆవిడ అలాగే ఉంది, అతనే కుంచించుకుపోయాడు" అన్నారు నాన్న టీవీ వైపు చూపిస్తూ.

మావాడికి ఓపిక పోయింది. "ఫైట్ ఎప్పుడొస్తుందా అని నేను చూస్తున్నా తాతయ్యా."

"అయిపోయిందిగా ఫైటు. రాక్షసుణ్ణి చంపేసి వచ్చారని మీ మావయ్య మొదట్లోనే చెప్పాడు."

మీ ప్రశ్నకి జవాబు నిజానికి అక్కడితో అయిపోయింది. మిగతా సిరీస్‌లన్నీ ఎక్కడికి చేరాలని పరిగెడతాయో అక్కడ ఇది మొదలవుతుంది. మీరు ఎక్కిన బస్సు టెర్మినస్ నుంచి వెనక్కి వస్తోంది, మీరేమో ముందు స్టేజీ ఎప్పుడొస్తుందని చూస్తున్నారు.

2023 సెప్టెంబరులో జపాన్ టీవీవాళ్లు మొదటి నాలుగు ఎపిసోడ్లనీ కలిపి ఒకే రాత్రి రెండు గంటల స్పెషల్‌గా వేశారు. ఎందుకు వేశారో చూస్తే తెలుస్తుంది. వారానికొకటి వేస్తే మీలాంటివాళ్లు రెండో వారానికే జారిపోతారు. మీరు చూసిన ఆ మూడింట్లోనే హైటర్ అనే ముసలి పూజారి ఉంటాడు, గుర్తుందా? దిక్కులేని పిల్లని పెంచుతుంటాడు. ఫ్రీరెన్ శిష్యుల్ని తీసుకోదని తెలిసి, ఒక పాత పుస్తకం అర్థం చెప్పి పెట్టమని కూర్చోబెట్టి, ఆ వంకతో పిల్లకి మంత్రవిద్య నేర్పిస్తాడు. నాన్న తొడ చరిచారు. పిల్లకి చదువు చెప్పించడానికి ముసలాయన వేసిన ఎత్తు చూశావా అని. ఫైట్ సీన్లకి కూడా మావాడు అలా చరవలేదు.

ఇంకో తమాషా. నిద్రొస్తోందన్న మావాడే పదో ఎపిసోడ్ తర్వాత దానికి వీరాభిమాని అయిపోయాడు. ఎందుకంటే అందులో ఔరా అనే రాక్షసితో త్రాసు సీనుంది. ఎవరి మంత్రశక్తి ఎక్కువో తూచే త్రాసు. శక్తిని బతుకంతా దాచుకుంటూ వచ్చిన ఫ్రీరెన్ అక్కడ ఒక్క మాటతో ముగించేస్తుంది. ఆ ముప్పై సెకన్ల ముక్క లోకమంతా తిరిగింది. వాడు ముందు ఆ రీల్ చూసి, తర్వాత ఎపిసోడ్ చూశాడు. ఈ రోజుల్లో హైప్ అంటే ఇదే, ముప్పై సెకన్లకి కత్తిరించడానికి వీలైనది పైకొస్తుంది, వీల్లేనిది కిందే ఉంటుంది. థంబ్‌నెయిల్‌లోనే ఎవరు చస్తారో వేసేసేవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఇది ఇప్పట్లో అవ్వదు.

ఫ్రీరెన్‌లో లోపం లేదనట్లేదు. మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు. చివరి పది ఎపిసోడ్లు దాదాపు ఒక పరీక్షకే పోతాయి. ఒక్కసారిగా డజను మంది కొత్త మంత్రగాళ్లు వచ్చిపడతారు. అనిమేల్లో ఈ పరీక్షల పిచ్చి ఏంటో నాకర్థం కాదు, ఎంసెట్ రాసి వచ్చినవాణ్ణి మళ్లీ హాల్లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. అక్కడే నాన్న లేచి వెళ్లిపోయారు. 'ఇంతమంది ఎవర్రా, బస్సు నిండిపోయింది' అన్నారు. ఆ ఎపిసోడ్లలో బొమ్మలు అద్భుతంగా ఉన్నాయని అందరూ అంటారు, ఉన్నాయి కూడా. నాకు ముగ్గురి పేర్లే గుర్తున్నాయి. అంటే నా లెక్కలో అక్కడ ఫ్రీరెన్ కూడా తప్పింది.

మీకు చెప్పేదేంటంటే, నాలుగోది కూడా చూడండి. పొద్దున్నే లేవలేని ఫ్రీరెన్ కొత్త సంవత్సరం సూర్యోదయం చూడ్డానికి వెళ్లే సీను అందులోనే ఉంది. ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని కాదు, మామూలుగా చూడండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని సబ్‌టైటిల్స్ మీరే చదివి చెప్పండి. నిద్ర రాదు, నోరు ఆడుతూనే ఉంటుంది కాబట్టి. అప్పటికీ నచ్చకపోతే నిశ్చింతగా వదిలేయండి, ఎవరూ టిక్కెట్ అడగరు.

మొన్న నేను పని మీద హైదరాబాద్ వెళ్తే నాన్న మావాడికి ఫోన్ చేసి, టీవీలో అది ఎలా పెట్టాలో కనుక్కుని, చదివి చెప్పేవాళ్లు లేకుండానే పాత ఎపిసోడ్ ఒకటి మళ్లీ చూశారట. వచ్చాక ఏమైనా అర్థమైందా అని అడిగాను.

"ఆ పిల్ల మంత్రమేసి పొలం నిండా పూలు పూయించింది. దానికి చదువెందుకు?" అన్నారు.