బాల్యస్నేహితులా, చిన్ననాటి నేస్తాలా?

సందేహం: మా ఫిల్మ్ క్లబ్బులో వచ్చే నెల ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’ వేస్తున్నాం. నాకు ప్రాణమైన సినిమా. కరపత్రంలో దాన్ని ‘బాల్య స్నేహితుల నేర నాటకం’ అని పరిచయం చేశాను. క్లబ్బులో ఒక పెద్దాయన ‘స్నేహితుడు’ సంస్కృతం కాదు, బాల్యమిత్రులు అనాలి అన్నారు. ఇంకొకరు ‘చిన్ననాటి స్నేహితులు’ అంటేనే తెలుగు అన్నారు. ఏది ఒప్పు? కొన్ని డైలాగులకు తెలుగు సబ్‌టైటిల్స్ కూడా నేనే రాస్తున్నాను. నువ్వు, మీరు దగ్గర చాలా టెన్షన్‌గా ఉంది. సలహా చెప్పగలరు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీరు రాసిందీ తప్పు కాదు, వాళ్లు చెప్పిందీ తప్పు కాదు. బాల్యమందలి స్నేహితుడు బాల్యస్నేహితుడు. సమాసం చక్కగానే కుదిరింది. రెండు ముక్కలుగా విడగొట్టి రాయడం మాత్రం మానండి. ఈమధ్య పత్రికల్లో ‘బాల్య స్నేహితుడు’, ‘చిన్న నాటి మిత్రుడు’ అని మాటల మధ్య ఖాళీలు వదిలేస్తున్నారు. సమాసం కలిసి ఉంటేనే సమాసం. ‘చిరకాల మిత్రుడు’ అని ఇంకొకటి పట్టుకున్నారు. చిరకాలం అంటే చాలాకాలం అనే. నలభయ్యో ఏట పరిచయమై అరవయ్యో ఏటి దాకా నిలిచినవాడూ చిరకాల మిత్రుడే. వాడు మీతో గోలీలాడి ఉండక్కర్లేదు.

పెద్దాయన అభ్యంతరం గురించి. ‘స్నేహిత’ సంస్కృతంలో ఉన్నదే. కాకపోతే దాని మొదటి అర్థం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: చమురు పట్టించినది అని. స్నేహం అంటే మొదట నూనె, నెయ్యి, జిడ్డు. ఆయుర్వేద వైద్యులు ఇప్పటికీ ‘స్నేహపానం’ అంటారు. అంటే మందు కలిపి కాచిన నెయ్యి తాగించడం. ప్రమిదలో పోసేదీ స్నేహమే. అది అయిపోతే వత్తి కాలి కమురు కంపు కొడుతుంది. ఒంటికి పట్టిన చమురు ఒక్క పట్టాన వదలనట్టు మనసుకు పట్టి వదలనిది కాబట్టి ప్రేమకూ ఆ పేరే వచ్చింది. ఆ చమురు పట్టినవాడు స్నేహితుడు.

మన తెలుగులో ఇంకో చిత్రం ఉంది. స్నేహానికి మనకున్న పాత మాట నెయ్యం, స్నేహితుడు నెయ్యుడు. నెయ్యం స్నేహశబ్దానికి వికృతి అని చెబుతారు. వంటింట్లో నెయ్యి మాత్రం మన దక్షిణాది మాటే, తమిళంలోనూ మలయాళంలోనూ అది ‘నెయ్’. రెండు వేరువేరు దారుల్లో వచ్చి తెలుగు నోట్లో పక్కపక్కన కూర్చున్నాయి. సంస్కృతం ఒకే మాటలో చమురునీ చెలిమినీ చూపిస్తే, తెలుగు రెండు మాటల్ని కవల పిల్లల్లా చేసి చూపించింది. వేడి అన్నం మీద నెయ్యి కరిగి మెతుకు మెతుక్కీ దిగడం చూసినప్పుడల్లా నాకు నెయ్యం అన్న మాట గుర్తొస్తుంది. అంత మంచి మాటను పెళ్లిపిలుపుల్లో కూడా వాడకుండా పోగొట్టుకున్నాం. నాకు అది బాధగానే ఉంది.

మిత్రుడికి సూర్యుడన్న అర్థమూ ఉంది, అది మీకు అక్కర్లేదు. సావాసగాడు సహవాసంలోంచి, సోపతి ఉర్దూ సొహబత్‌లోంచి వచ్చాయి. మీ ఖమ్మంలో రెండూ వినబడతాయి. లంగోటి దోస్తు అన్న మాటకు సాటి వచ్చేది మన నిఘంటువుల్లో లేదు.

ఇక సఖుడు. అసలు కథ ఇక్కడుంది. సమానంగా చెప్పదగినవాడు సఖుడు అని మన పూర్వులు వ్యుత్పత్తి చెప్పారు. ‘వెంట ఉండు’ అనే ధాతువులోంచి వచ్చిందని ఇప్పటి భాషాశాస్త్రజ్ఞులు అంటారు. మొదటిది సరైనదా కాదా అన్నది అలా ఉంచి, ఆ ‘సమానం’ అన్న ముక్క మీద మన ఆదికవి ఎంత కథ నడిపాడో చూడండి.

ద్రోణుడూ ద్రుపదుడూ చిన్నప్పుడు ఒకచోట చదువుకున్నారు, ఒకచోట ఆడుకున్నారు. ద్రుపదుడు పాంచాలదేశానికి రాజయ్యాడు. ద్రోణుడికి కొడుకు పాలకోసం ఏడిస్తే పట్టడానికి గుక్కెడు పాలు లేవు. పోయి నేను నీ చిన్ననాటి సఖుణ్ణి అన్నాడు. ఆ ఒక్క మాటకే ద్రుపదుడికి కోపం వచ్చింది. ఆవు అడిగినందుకు కాదు, ధనం అడిగినందుకు కాదు, సఖుడన్నందుకు. నన్నయ ఆదిపర్వంలో అతనిచేత ఈ కందం చెప్పించాడు:

సమశీలశ్రుతయుతులకు
సమధనవంతులకు సమసుచారిత్రులకున్
దమలో సఖ్యమును వివా
హము నగుఁ గా కగునె రెండు నసమానులకున్

గట్టిగా చదవండి. సమ, సమ, సమ అని మూడుసార్లు తట్టి, చివర ‘అసమానులకున్’ అని తలుపు మూసేశాడు. ‘కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ కావాలి’ అని మన పల్లెల్లో అనే సామెత ఈ పద్యానికి తోబుట్టువులా ఉంటుంది. తేడా ఒక్కటే. నన్నయ సఖ్యం అన్నచోట సామెత కయ్యం అంది. ద్రుపదుడు సఖ్యం కాదన్న రోజునే కయ్యం మొదలైంది కాబట్టి సామెత కూడా నిజమే చెప్పింది.

కథ అక్కడితో ఆగలేదు. ఏళ్లు గడిచాయి. ద్రోణుడి శిష్యుడు అర్జునుడు గురుదక్షిణగా ద్రుపదుణ్ణి పట్టి తెచ్చి ముందు నిలబెట్టాడు. అప్పుడు ద్రోణుడన్న మాట:

వీరెవ్వరయ్య ద్రుపదమ
హారాజులె యిట్లు కృపణులయి పట్టువడన్
వీరికి వలసెనె యహహ మ
హారాజ్యమదాంధకార మది వాసెనొకో

తెలుగు సాహిత్యంలో ఒక్క పద్యం ఉంచుకోమంటే నేను దీన్ని ఉంచుకుంటాను. ఎందుకో చెబుతాను. మన కావ్యభాషలో రాజునైనా దేవుణ్ణయినా ‘నీవు’ అనే అంటారు. ప్రాణం పోతున్న గజేంద్రుడు విష్ణువును ‘నీవే తప్ప’ అన్నాడు గాని ‘మీరే తప్ప’ అనలేదు. అలాంటి భాషలో ద్రోణుడు తన చిన్ననాటి సఖుణ్ణి ‘వీరు’ అన్నాడు, ‘మహారాజులె’ అన్నాడు. బహువచనం వేసి గౌరవించాడు. ఒక్క తిట్టు లేదు, ఒక్క పరుషమైన పలుకు లేదు. ఆ గౌరవం చాలు, ఎదుటివాడి తల నేలకు వాలడానికి. చిన్నప్పుడు నీవు అన్న నోరు మీరు అంటే దానికి మించిన దెబ్బ లేదని నన్నయకు తెలుసు. వెయ్యేళ్ల కింద రాజమహేంద్రవరంలో కూర్చుని రాసిన ఈ నాలుగు పాదాల్లో మీ సినిమా మొత్తం ఉంది.

మీ సినిమా నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ పెద్దదే. 1984లో కాన్ చిత్రోత్సవంలో చూపించింది 229 నిమిషాలు. అమెరికాలో విడుదల చేసినవాళ్లు దాన్ని 139 నిమిషాలకు కోసి, ముందువెనకల కథను వరసలో పేర్చి పాడుచేశారు. మీ క్లబ్బువాళ్లు ఆ కత్తిరించింది తెచ్చారేమో ముందే చూసుకోండి. సెర్జియో లియోనే తీసిన చివరి సినిమా అది. న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్‌లో యూదుల వాడ, వీధుల్లో పెరిగిన పిల్లలు, మద్యనిషేధం రోజుల్లో ముఠాగా మారడం, రైల్వేస్టేషన్ లాకర్లో అందరి డబ్బూ ఒక పెట్టెలో దాచి తాళంచెవి ఇంకో స్నేహితుడి దగ్గర ఉంచడం. ఆ పిల్లల్లో ఒకడి పేరు నూడుల్స్, కథానాయకుడు వాడే. 1933లో ముఠా చచ్చిపోయిందనుకుని పారిపోయిన నూడుల్స్ 35 ఏళ్ల తర్వాత, 1968లో తిరిగొస్తాడు. ఇన్నాళ్లూ ఏం చేశావని అడిగితే, పెందలాడే పడుకుంటూ వచ్చానంటాడు. ఆ మాటకు సబ్‌టైటిల్‌లో ‘త్వరగా’ అని రాయకండి. ‘పెందలాడే’ అన్న మాట మనకుంది. రాత్రిపూట చేయడానికి ఏ పనీ మిగలని మనిషి దిగులు అందులో ఉంది.

మీ నువ్వు-మీరు సమస్యకు రెండు చోట్లు ముఖ్యం. మొదటిది పిల్లల్లో అందరికంటే చిన్నవాడు డొమినిక్ చనిపోయే చోటు. అయిదుగురు పిల్లలు వంతెన కింద నడిచివస్తుంటారు. పగవాడు బగ్సీ కనబడగానే పరుగు తీస్తారు. తుపాకీ పేలుతుంది. నూడుల్స్ డొమినిక్‌ను లాగి పక్కకు తెచ్చి ఒళ్లో పెట్టుకుంటే, వాడు నూడుల్స్ పేరు పిలిచి ‘జారాను’ అని ఒక్క మాట అంటాడు. తూటా తగిలిందని కూడా తెలియదు వాడికి. కాలు జారి పడ్డానని సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ఇక్కడ ‘కాలు జారింది’ అని రాశారో, తెలుగులో దానికి వేరే అర్థం పలుకుతుంది. ‘జారాను’ అని మాత్రమే రాస్తే పొడిగా ఉంటుంది. ‘జారానురా’ అనండి. ఇంగ్లీషులో ‘రా’ లేదు. మన భాషలో ఆ ఈడు పిల్లవాడు ఆ ఈడు పిల్లవాడితో ‘రా’ లేకుండా మాట్లాడడు.

రెండోది చివరి గది. చచ్చాడనుకున్న మాక్స్, నూడుల్స్‌కు ముఠాలో ప్రాణస్నేహితుడు, చావలేదు. పేరు మార్చుకుని బెయిలీ అయ్యాడు, ప్రభుత్వంలో సెక్రటరీ అయ్యాడు, పెద్దింట్లో ఉన్నాడు. నీ డబ్బూ నువ్వు ప్రేమించిన అమ్మాయినీ నీ బతుకునూ నేనే తీసుకున్నాను, ఇప్పుడు నన్ను చంపెయ్ అని తుపాకీ ఇస్తాడు. నూడుల్స్ తీసుకోడు. ఎదురుగా ఉన్నవాడు మాక్స్ అని ఒప్పుకోడు. నాకు ఒకప్పుడు ఒక స్నేహితుడుండేవాడు, వాణ్ణి కాపాడాలని పోలీసులకు పట్టించబోతే వాడు చనిపోయాడు అంటాడు. మిస్టర్ బెయిలీ అని పిలిచి, గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోతాడు. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఉన్నది ఒకే మాట. కాబట్టి వాళ్లకు ఆ ‘మిస్టర్’ ఒక్కటే దిక్కు. మనకు అంతకంటే ఎక్కువ సాధనం ఉంది. మాక్స్ ‘నువ్వు’ అని మాట్లాడాలి. నూడుల్స్ మొదటినుంచి చివరిదాకా ‘మీరు’ అనాలి, ‘బెయిలీగారూ’ అనాలి. ద్రోణుడి ‘వీరెవ్వరయ్య’ ఇదే. ద్రోణుడి గొంతులో వెక్కిరింపు ఉంది, నూడుల్స్ గొంతులో అది కూడా లేదు. అందుకే ఇంకా భరించలేం.

దీని మీద ఇంత పట్టుగా చెబుతున్నానంటే కారణం ఉంది. మా ఊళ్లో ఎనిమిదో తరగతి దాకా నా పక్క బెంచీలో కూర్చున్నవాడు పెద్ద ఉద్యోగంలోకి వెళ్లాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక పనిమీద అతని ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. చుట్టూ సిబ్బంది ఉన్నారు. మర్యాదకని ‘మీరు ఎప్పుడు వచ్చారు ఈ ఊరికి?’ అన్నాను. అతను పెన్ను కింద పెట్టి నావంక అలాగే చూశాడు. అందరినీ బయటికి పంపించి, తలుపు వేసి, ‘ఏరా, నేనేం తప్పు చేశాను?’ అని అడిగాడు. కళ్లలో నీళ్లున్నాయి. ఆ రోజు నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఇప్పుడు ఫోన్లో నాలుగు మాటలకు మూడు ‘రా’లు వేసి బాకీ తీర్చుకుంటున్నాను.

ఇప్పుడు మీ కరపత్రం. ‘నేర నాటకం’ తీసేయండి. ఇంగ్లీషులో డ్రామా అంటే మనసుల్ని కలచే కథ. తెలుగులో నాటకం అంటే రంగస్థలం మీద ఆడేది, లేకపోతే ‘నాటకాలాడకు’ అన్నప్పటి నటన. నేర నాటకం అంటే నేరం చేసినట్టు నటించారేమో అనుకుంటారు. ‘నేరకథ’ చాలు. తెలుగు మాటకు సంస్కృతం అంటుకుందని కొందరు పట్టుబడతారు గాని, వాడుక దాన్ని ఎప్పుడో అంగీకరించింది. అదీ నచ్చకపోతే క్రైమ్ డ్రామా అనే రాయండి, అందరికీ తెలుస్తుంది.

స్నేహితుల మాట దగ్గర నేను గట్టిగా తీర్పు చెప్పలేను. బాల్యస్నేహితులు వ్యాకరణానికి సరిపోతుంది, పోలీసు నివేదికకు కూడా సరిపోతుంది. బాల్యమిత్రులు కాస్త గంభీరం. బాలసఖులు అంటే ద్రుపదుడు గుర్తొస్తాడు, మీ కథకు అర్థంలో ఇదే దగ్గర, కాని కరపత్రం చదివేవాళ్లకు దూరం. నన్నడిగితే ‘చిన్ననాటి నేస్తాలు’ అంటాను. స్నేహం పెదవుల మీద అరిగి అరిగి, సంస్కృతపు గరుకు పోయి, మన పిల్లల నోటికి పట్టేంత అయ్యాక మిగిలిన మాట నేస్తం. ఆడా మగా తేడా కూడా లేదు దానికి. అయితే మీ పెద్దాయన బాల్యమిత్రులే కావాలని పట్టుబడితే ఆయన వయసుకు గౌరవమిచ్చి అదే వేయండి, తప్పేమీ లేదు.

‘జారానురా’లో ‘రా’ మాత్రం ఎవరు తీసేయమన్నా తీయకండి.