డాక్టర్ సలహా: వెన్నులో సెన్సర్ పెట్టించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 54. రెండు నెలల క్రితం నడుములోని ఎల్4-ఎల్5 వెన్నుపూసల దగ్గర స్క్రూలు, రాడ్లు వేసి ఫ్యూజన్ (రెండు పూసలను ఒకటిగా అతికించే) ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుందో లేదో ఎక్స్‌రేలో ఇప్పుడే తేలదంటున్నారు. లోపల సెన్సర్ అమరిస్తే వివరాలు ఫోన్‌కే వస్తాయని చదివాను. ఇప్పుడు పెట్టించుకోవచ్చా?

జవాబు: వద్దండి. సెన్సర్ కోసమే మానుతున్న చోటును మళ్లీ తెరిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. మీరు చదివింది బహుశా మోకాలి మార్పిడి గురించి అయ్యుంటుంది. అమెరికాలో 2021లో అనుమతి పొందిన పర్సోనా ఐక్యూ అనే కృత్రిమ మోకాలు అడుగులు, నడక వేగం, కీలు ఎంత కదులుతోందన్నవి లెక్కేస్తుంది. వెన్ను సెన్సర్లు చాలావరకు ఇంకా పరిశోధనల్లోనే ఉన్నాయి.

వాటి పని వేరు. రాడ్డు వంగినప్పుడల్లా దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్ (సాగుదలను కొలిచే పలుచటి సెన్సర్) కూడా సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును చర్మం పైనుంచి వైర్‌లెస్‌గా చదువుతారు. మొదట్లో భారంలో ఎక్కువ పాలు రాడ్లదే. గ్రాఫ్ట్ (పూసలు అతుక్కోవడానికి పెట్టిన ఎముక) గట్టిపడేకొద్దీ ఎముక ఆ భారాన్ని పంచుకుంటుంది కాబట్టి సెన్సర్ చూపే అంకె తగ్గాలి. చిక్కంతా ఇక్కడే ఉంది: స్క్రూ వదులైనా అంకె తగ్గుతుంది! జర్మనీలోని బెర్లిన్ పరిశోధకులు 1990ల్లోనే సెన్సర్లున్న ఫిక్సేటర్లతో (పూసలను కదలకుండా పట్టి ఉంచే స్క్రూలు, రాడ్ల అమరికతో) ఈ భారాన్ని కొలిచారు. ఎముక అతుక్కున్నాక కూడా కొందరిలో అది పెద్దగా తగ్గలేదు. అందుకే సెన్సర్ ఉన్నా స్కాన్ తప్పకపోవచ్చు.

రెండు నెలలకు తేలకపోవడం మామూలే. అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎక్స్‌రేలో స్క్రూ వదులైందనడానికి గుర్తుగా దాని చుట్టూ నల్లటి అంచు కనబడుతోందా, కేజ్ (పూసల మధ్య ఊతగా పెట్టే చిన్న పరికరం) ఉంటే అది జరిగిందా అని చూస్తారు. అనుమానం ఉంటే ముందుకు, వెనక్కు వంచి తీసే ఎక్స్‌రేలు, పలుచటి స్లైసుల సీటీ చేయిస్తారు.

ఈలోగా ఒంటి బయటి సెన్సర్ చాలు. స్టెప్ బ్యాండ్‌లో రోజు లెక్క కాకుండా 7 రోజుల సగటు చూడండి. వాకర్ పట్టుకుంటే చెయ్యి ఊగదు, మణికట్టు బ్యాండ్ అడుగులు వదిలేస్తుంది. ఆ రోజుల్లో ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకోండి. సగటు పడిపోతూ కాలి నొప్పి పెరుగుతుంటే సర్జన్‌కు చూపించండి.

బరువుల విషయంలో మీ సర్జన్ చెప్పిన హద్దు దాటొద్దు. 1999లో ఒక ఆరోగ్యవంతుడి డిస్క్‌లో (పూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి భాగంలో) సెన్సర్ పెట్టి కొలిస్తే, నిలబడినప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) ఉంది. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే అది 2.3కు చేరింది, మోకాళ్లు వంచి ఎత్తినా 1.7 వచ్చింది. సిగరెట్ అలవాటుంటే పూర్తిగా మానేయాలి, ఎముక అతుక్కోకపోవడానికి అదో ముఖ్య కారణం. నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడకండి.

జ్వరం, గాయం నుంచి చీము, పిక్క వాపు కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను కలవాలి. మూత్రం ఆగిపోవడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం లాంటివి వస్తే రాత్రయినా సరే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.