చిన్న కార్పొరేషన్ నడపబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఓడల ఆటలో ఇన్నాళ్లూ ఎవరో ఒకరి కార్పొరేషన్‌లో, అంటే ఆటగాళ్ల సంఘంలో, సభ్యుడిగా ఉన్న నువ్వు ఇప్పుడు స్నేహితులతో కలిసి సొంతంగా ఒకటి పెట్టాలనుకోవడం, దానికి సీఈఓగా వాళ్లంతా నిన్నే ఉండమనడం చిన్న విషయం కాదు. పెట్టడం మాత్రం తేలికే. కార్పొరేషన్ మేనేజ్‌మెంట్ స్కిల్‌ను మొదటి స్థాయి వరకు నేర్చుకుని, ఏదైనా స్టేషన్‌లో డాక్ అయి, సుమారు 16 లక్షల ఇస్క్ (ఆటలోని డబ్బు) కట్టి, పేరూ, టిక్కర్ అనే పొట్టిపేరూ రాసి ఇస్తే నిమిషాల్లో కార్పొరేషన్ ఏర్పడుతుంది. ఆ స్కిల్ స్థాయికి 20 మంది చొప్పున సభ్యులను చేర్చుకోనిస్తుంది కనుక మీకు రెండో స్థాయి దాటవలసిన పని కూడా ఉండదు. నేను చెప్పదలచుకున్నదంతా నడపడం గురించే. సీఈఓగా నువ్వు కాపాడవలసిన మొట్టమొదటి ఆస్తి మీవాళ్ల సాయంత్రాలు. పోయిన ఓడను ఆటలోని పెద్ద మార్కెట్ అయిన జీటాలో మళ్లీ కొనుక్కోవచ్చు. ఉద్యోగం నుంచి వచ్చి, భోంచేసి, పిల్లలను పడుకోబెట్టి, మిగిలిన రెండు గంటల్లో లాగిన్ అయిన మనిషి ఏం చేయాలో తెలియక గంటసేపు స్టేషన్‌లోనే కూర్చోవలసి వస్తే, అలా మూడు వారాలు చూసి నాలుగో వారం రావడం మానేస్తాడు. చిన్న కార్పొరేషన్లు శత్రువుల దాడికి కూలిపోవడం తక్కువ, ఇలా ఒక్కొక్కరే రావడం మానేసి ఖాళీ అయిపోవడమే ఎక్కువ.

అందుకని మీరు చేసే పని ఏమిటో ముందు తేల్చుకోండి. మైనింగ్, మిషన్లు, వార్మ్‌హోల్ నివాసం, లోసెక్‌లో (భద్రత తక్కువైన ప్రాంతంలో) పోరాటాలు, తయారీ అన్నీ చేస్తామని ప్రకటించుకునే చిన్న కార్పొరేషన్‌లో నిజానికి ఏదీ సాగదు. ఆట జరిగే న్యూ ఈడెన్‌లో ఏడు వేలకు పైగా నక్షత్ర వ్యవస్థలున్నాయి. పది మంది పది మూలల్లో తిరుగుతుంటే ఒకే టిక్కర్ పెట్టుకున్నా ఎవరికీ ఎవరూ తోడు కారు. ఆటే నడిపే ఎన్‌పీసీ కార్పొరేషన్‌లో బౌంటీల (దొంగ ఓడలను కూల్చినందుకు వచ్చే బహుమతుల) మీద పోయే 11 శాతం పన్ను మిగులుతుందనే కారణం ఒక్కటే చాలదు, ఆ మిగులు కోసం మనుషులు కలిసి ఉండరు. మీలో ఇద్దరికి తయారీ మీద, మిగిలినవాళ్లకు మైనింగ్ మీద ఆసక్తి ఉందని రాశావు. అదే మీ పని కావాలి. మీరు తవ్విన ఖనిజం మీవాళ్ల చేతిలోనే ఓడగా మారి, ఆ ఓడలో మీవాడే ఎగరడం కొత్తవాళ్లకు ఎంత ఉత్సాహాన్నిస్తుందో నువ్వే చూస్తావు. జీటాకు పదింటిలోపు జంపుల దూరంలో, రద్దీ దారులకు పక్కగా, 0.7 లేదా 0.8 భద్రత (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత సురక్షితం) ఉన్న వ్యవస్థను ఎంచుకోండి. మీకూ జీటాకూ మధ్య ఉయెడామా వంటి ఇరుకుదారి పడకుండా చూసుకోండి, అక్కడ గ్యాంకర్లు, అంటే ఉన్నట్టుండి మీదపడి ఓడలను పేల్చేవాళ్లు, సరుకు ఓడల కోసమే కాచుకుని ఉంటారు.

పని తేలాక వేళ తేల్చుకోవాలి. చైనా తప్ప మిగతా ప్రపంచమంతటికీ ఈ ఆటకు ట్రాంక్విలిటీ అనే ఒక్కటే సర్వర్, దాని గడియారం యూటీసీ. రోజూ 11:00కు, అంటే మనకు సాయంత్రం నాలుగున్నరకు, డౌన్‌టైమ్ వస్తుంది, సర్వర్ కాసేపు ఆగుతుంది. మీలో కొందరు హైదరాబాద్‌లో, ఒకరు దుబాయ్‌లో, ఇద్దరు డాలస్‌లో ఉన్నారు కనుక శనివారం 15:00 మీకు చక్కగా కుదురుతుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, దుబాయ్‌లో ఏడు, డాలస్‌లో ఉదయం తొమ్మిదో పదో అవుతుంది. అమెరికాలో మార్చిలో, నవంబరులో గడియారం మారుతుంది కాబట్టి వేళను ఎప్పుడూ ఆట సమయంలోనే రాయి. ఆ వేళకు ఇద్దరే వచ్చినా ఫ్లీట్ (ఓడల్లో అందరూ కలిసి బయలుదేరడం) రద్దు చేయవద్దు. ఒక్కసారి రద్దయితే, వచ్చే వారం ఉంటుందో లేదో అని అందరూ అనుకోవడం మొదలవుతుంది.

ఇక అధికారాల సంగతి. దీనిని ఓపికగా చదువు. కార్పొరేషన్‌కు ఏడు హ్యాంగర్ విభాగాలు, ఏడు వాలెట్ విభాగాలు ఉంటాయి. ప్రతి హ్యాంగర్‌కూ లోపల ఏముందో చూసే అధికారం వేరు, తీసుకునే అధికారం వేరు. వాటిని ప్రధాన కార్యాలయంలో ఒక రకంగా, మిగతా చోట్ల మరొక రకంగా ఇవ్వవచ్చు. మొదటి హ్యాంగర్‌ను అందరికీ తెరిచి, అక్కడ వెంచర్లు (చిన్న మైనింగ్ ఓడలు), మైనింగ్ లేజర్లు, డ్రోన్లు, మందుగుండు వంటివి ఉంచు. ఎవరైనా మొత్తం ఊడ్చుకుపోయినా ఒక్క సాయంత్రపు తవ్వకంతో తిరిగి నింపుకోగలిగినంతే అక్కడ ఉండాలి. రెండోది ఖనిజం కోసం. అందులో వేయడం అందరిదీ, తీయడం తయారీ చూసే ఆ ఇద్దరిది. ఏడోదానిని నీ ఒక్కడికే ఉంచుకో. ఒక్కొక్కరికి విడివిడిగా టిక్కులు పెట్టకుండా, కొత్త సభ్యుడు, పాత సభ్యుడు, తయారీదారు అని మూడు టైటిళ్లు తయారుచేసి వాటితోనే అధికారాలు ఇస్తే, ఏడాది తరువాత ఎవరి దగ్గర ఏముందో నీకే తెలియని పరిస్థితి రాదు. విలువైన ఒరిజినల్ బ్లూప్రింట్లు ఎవరివి వారి దగ్గరే ఉండనీ. సంస్థ పుట్టినప్పుడు వచ్చే 1,000 వాటాలను సంస్థ వాలెట్‌లోంచి కదపవద్దు, ఎందుకంటే వాటాల బలంతో సీఈఓ పదవికే ఓటింగ్ పెట్టవచ్చు.

డైరెక్టర్ హోదాను మాత్రం స్నేహానికి గుర్తుగా ఎవరికీ ఇవ్వవద్దు. డైరెక్టర్‌కు పై హద్దులేవీ వర్తించవు. ఆ హోదా ఇవ్వడమంటే ఇంటి తాళాలతో పాటు పట్టాదారు పాసుపుస్తకం, చెక్కుబుక్కు కూడా చేతిలో పెట్టినట్టే. 2005లో గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే కిరాయి ముఠా యుబిక్వా సెరాఫ్ అనే కార్పొరేషన్‌లోకి తన మనుషులను చేర్చి, దాదాపు ఏడాది పాటు నమ్మకం సంపాదించి, ఒక్క రోజున హ్యాంగర్లన్నీ ఖాళీ చేసి, వాళ్ల సీఈఓ ఓడను కూడా పేల్చివేసింది. పోయినదాని విలువ అప్పట్లో సుమారు 3,000 కోట్ల ఇస్క్. 2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే మహా కూటమిలో ఒక డైరెక్టర్ శత్రుపక్షమైన గూన్‌స్వార్మ్ వైపు మొగ్గి, యుద్ధం అవసరమే లేకుండా ఆ కూటమినే రద్దు చేసేశాడు. ఈ రెండింటిలోనూ పోయినదేదీ ఆటను నడిపే సీసీపీ కంపెనీ తిరిగి ఇప్పించలేదు, ఎందుకంటే ఆటలో నమ్మించి దోచుకోవడం నియమాలకు విరుద్ధం కాదు. ఈ ఉదాహరణలు చెబుతున్నది నువ్వు అందరినీ అనుమానించాలని కాదు. హద్దులు ముందే గీసుకుంటే మనుషులను రోజూ అనుమానంగా చూడవలసిన అవసరం ఉండదు, అదే మీ స్నేహానికి కూడా మంచిది.

కొత్తవాళ్లను చేర్చుకునేటప్పుడు వాళ్ల పాత కార్పొరేషన్ల చరిత్ర అందరికీ కనబడేదే, చదువు. ఆ తరువాత డిస్కార్డ్‌లో పది నిమిషాలు గొంతుతో మాట్లాడు; ముందున్న చోటు ఎందుకు వదిలారని, వారంలో ఏ వేళలు ఖాళీ అని అడిగితే చాలు. సభ్యులు ఒకరినొకరు కాల్చుకోవడం చట్టబద్ధం కాకుండా ఫ్రెండ్లీ ఫైర్ అమరికను మొదటి రోజే మార్చిపెట్టు, అది అమలులోకి రావడానికి 24 గంటలు పడుతుంది. బొత్తిగా కొత్తవాళ్లు వస్తే, 2004 నుంచి బోధనే పనిగా పెట్టుకున్న ఈవ్ యూనివర్సిటీ వికీ అందరికీ తెరిచి ఉంది, అది చదివించు. బయట నిజమైన రూపాయలకు చౌకగా ఇస్క్ అమ్ముతామనేవాళ్లు మీవాళ్లకు తగులుతారు. అది కొన్న ఖాతాపై నిషేధం పడుతుందని మొదటి రోజే స్పష్టంగా చెప్పు.

మూడో నెలలో మీలో ఎవరో ఒకరు, మనకు సొంత కట్టడం ఉండాలి, తయారీకి ఒక రైతారు పెడదాం, శుద్ధి కేంద్రమైన అథనార్ పెట్టి చంద్రుణ్ణి తవ్వుదాం అంటారు. నేను గట్టిగా వద్దనేది ఇక్కడే. 2018 డిసెంబరు నుంచి, అంతరిక్షంలో సొంత కట్టడం ఉన్న కార్పొరేషన్ మీద మాత్రమే ఎవరైనా యుద్ధం ప్రకటించగలరు. కట్టడం లేనంతకాలం హైసెక్‌లో (భద్రత ఎక్కువున్న ప్రాంతంలో) మిమ్మల్ని కాల్చినవాడిని ఆటలోని పోలీసు దళమైన కాంకర్డ్ శిక్షిస్తుంది. కట్టడం నిలబెట్టారంటే, 10 కోట్ల ఇస్క్ రుసుము కట్టి యుద్ధం ప్రకటించగల ఏ దండైనా మీ మైనర్లను గ్రహశకలాల మధ్యలోనే చట్టబద్ధంగా వేటాడవచ్చు. దానికి తోడు, కట్టడంలో అమర్చవలసిన క్వాంటమ్ కోర్ అది పేలినప్పుడు బయట పడుతుంది కనుక, చిన్న కట్టడమైనా పడగొట్టేవాళ్లకు లాభమే. ఇంధనం అయిపోయి ఏడు రోజులు గడిస్తే అది వదిలేసిన కట్టడం కింద లెక్కకు వస్తుంది. అటువంటిది కూలినప్పుడు లోపలి సామాను అసెట్ సేఫ్టీకి (సొంతదారులకు సామాను తిరిగి చేర్చే ఏర్పాటుకు) వెళ్లదు, దొరికినవాడిదే. పదిమంది ఉన్న జట్టు తన సాయంత్రాలన్నీ దాని కాపలాకు, ఇంధనానికి ఖర్చు చేయడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఎన్‌పీసీ స్టేషన్‌లో కార్యాలయం అద్దెకు తీసుకోండి, శుద్ధికి, తయారీకి చుట్టుపక్కల ఇతరులు తెరిచి ఉంచిన కట్టడాలను వాడుకోండి. అయినా తప్పదనుకుంటే, కట్టడాన్ని ఒక ఆల్ట్ (నీదే మరొక పాత్ర) పేరున వేరే కార్పొరేషన్ పెట్టి దాని కింద ఉంచు. అప్పుడు యుద్ధం దాని మీదే పడుతుంది, మీవాళ్లు యథాప్రకారం తవ్వుకోవచ్చు.

డబ్బు విషయంలో పన్నును 5 శాతం దాటనివ్వకు. అది బౌంటీలు, మిషన్ల రాబడి మీదే పడుతుంది. తవ్వకం మీద, మార్కెట్ అమ్మకాల మీద పడదు. కాబట్టి మీ అసలు ఆదాయం ఖనిజం కొనుగోలులోంచి రావాలి. జీటా కొనుగోలు ధరలో 90 శాతానికి సంస్థే కొంటుందని ప్రకటించి, ఆ ధర ఏ రోజున చూసిందో పక్కనే రాయి. 2023లో విరిడియన్ విస్తరణతో వచ్చిన కార్పొరేషన్ ప్రాజెక్టులు దీనికి బాగా పనికివస్తాయి. ఇంత ఖనిజం తెస్తే ఇంత ఇస్క్ అని పెట్టి ఉంచితే, శనివారం రాలేనివాడు కూడా మంగళవారం ఒంటరిగా లాగిన్ అయి మీ అందరి పనిలో పాలుపంచుకోగలడు. నెలకొకసారి వాలెట్ వచ్చినది, పోయినది అందరికీ చదివి వినిపించు. బిల్లులకు ఆటోపే పెట్టి ఆ వాలెట్ విభాగంలో నిల్వ ఉందో లేదో చూస్తూ ఉండు. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే వ్యవస్థలో 75 టైటాన్లు (ఆటలోని అతిపెద్ద ఓడలు) నాశనమైన మహాయుద్ధం, ఆ వ్యవస్థపై ఆధిపత్యపు బిల్లు ఒకటి వేళకు కట్టకపోవడంతోనే మొదలైంది. మీ కార్యాలయం అద్దె చిన్నదే, కానీ అది కట్టకపోతే మీ హ్యాంగర్లు అందరికీ ఒకేసారి మూతబడతాయి.

నువ్వు ఎటువంటి సీఈఓవో మీవాళ్లకు నిజంగా తెలిసేది ఎవరిదైనా ఓడ పోయిన రోజున. ఇలా జరుగుతుంది. కొత్త కుర్రాడు నెల రోజులు దాచుకుని రిట్రీవర్ అనే మైనింగ్ ఓడ కొన్నాడు. దాని గిడ్డంగి పెద్దది, ఒళ్లు మాత్రం బలహీనం. పక్కనున్న 0.5 వ్యవస్థలో శకలాలు బాగున్నాయని వెళ్లి, లేజర్లు తిప్పి పెట్టి, టీ కోసం లేచాడు. 0.5లో కాంకర్డ్ రావడానికి ఎక్కువ సెకన్లు పడుతుంది. దాడికి వచ్చే రెండు మూడు కెటలిస్ట్ ఓడలకు ఆ వ్యవధి చాలు. అతను వచ్చి చూసేసరికి తెర మీద, ఓడ పోయాక మిగిలే క్యాప్సూల్ (పాడ్) మాత్రమే తేలుతూ ఉంటుంది. ఆ క్షణంలో వాయిస్‌లో ఎవరూ నవ్వకుండా, ఎందుకు వెళ్లావని ఎవరూ నిలదీయకుండా చూడడం నీ బాధ్యత. ముందు పాడ్‌ను స్టేషన్‌కు తెమ్మను. మొదటి హ్యాంగర్‌లో ఇటువంటి అవసరానికే రెండు ప్రొక్యూరర్లు సిద్ధంగా అమర్చి ఉంచు; గిడ్డంగి చిన్నదైనా దెబ్బకు ఓర్చుకునే ఓడ అది. అందులో ఎక్కించి, అదే రాత్రి నీ ఓర్కా (మైనర్లకు తోడుండే పెద్ద ఓడ) పక్కన తవ్వుకోనివ్వు. ఓడ ఎలా పోయిందో చెప్పే కిల్‌మెయిల్ తెరిచి రక్షణ మాడ్యూళ్లు ఎక్కడ లోపించాయో, ఆ వ్యవస్థలో ఉన్నవాళ్లంతా కనబడే లోకల్ జాబితాలో ఏ పేర్లు చూడగానే కదలాలో మర్నాడు నెమ్మదిగా చెప్పు. ఓడ పోయిన రాత్రే మళ్లీ ఎగిరినవాడు సాధారణంగా ఉంటాడు, ఆ రాత్రి లాగౌట్ అయి పడుకున్నవాడు తిరిగి రావడం అరుదు.

కూటమిలో చేరమని పిలుపులు వస్తాయి. ఆరు నెలల వరకు ఎవరికీ మాట ఇవ్వవద్దు. వాళ్ల ఫ్లీట్ల వేళలు యూరప్‌వో అమెరికావో అయి ఉంటాయి, మీ శనివారం వాళ్ల పాలవుతుంది.

నీకు డిసెంబరులో పెళ్లి పనులు, ఆపైన ఆఫీసు ఒత్తిడి ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో ఫ్లీట్ ఎవరు నడుపుతారో ఇప్పుడే ఒకరిని అనుకుని, ఈ నెల నుంచే రెండు వారాలకొకసారి వాళ్ల చేతనే నడిపించు, నువ్వు మామూలు సభ్యుడిగా పక్కన తవ్వుతూ ఉండు. దానికి డైరెక్టర్ హోదా అక్కరలేదు. ఆహ్వానాలు పంపే ముందు మూడు టైటిళ్ల అధికారాల పట్టిక స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు. శుక్రవారం రాత్రి ఇద్దరం కలిసి ఒక్కొక్క టిక్కూ చూద్దాం. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య