మాస్టారికి ‘గారు’ తీసేయగలవా?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, తెలుగు వికీపీడియాలో మీ మాస్టారి మీద నువ్వు రాసిన వ్యాసమూ రెండూ చదివాను. వ్యాసం నెత్తిన తొలగింపు మూస, అంటే ‘దీన్ని తీసేయాలా’ అని అడిగే నోటీసు, అంటించారని, రెండు రాత్రులు మేలుకుని రాసినదాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లు తీసిపారేయబోతున్నారని బాధపడ్డావు. నేను ఆ మూస పెట్టినవారి పక్షాన మాట్లాడబోతున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ముందు నీ మొదటి వాక్యం చూద్దాం. “బహుముఖ ప్రజ్ఞాశాలి, నిరాడంబరులు, వేలాది శిష్యుల హృదయాల్లో కొలువైన మహోన్నత ఉపాధ్యాయులు శ్రీ ఫలానా గారు 1951లో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించారు.” ఈ వాక్యాన్ని నేను నలభై ఏళ్లుగా వింటున్నాను. శాలువా కప్పి, దండ వేసి, పెద్దాయన ఆ బరువుకు మెడ వంచుకుని నిలబడి ఉండగా మైకు ముందు ఎవరో చదివే సన్మాన పత్రంలోని వాక్యం ఇది. అక్కడ దానికి ఒక అందం ఉంది. ఆ పూట ఆ మాటలు అనకపోతేనే తప్పు. విజ్ఞాన సర్వస్వంలోకి వచ్చేసరికి పెన్ను తీసుకుని గీతలు కొట్టుకుంటూ పో. ప్రజ్ఞాశాలి అని ఎవరన్నారు? తెలియదు, కొట్టెయ్యి. వేలాది శిష్యుల లెక్క ఎవరు తీశారు? కొట్టెయ్యి. నిరుపేద అంటే ఎంత పేద? ఆ కుటుంబానికి సెంటు భూమి లేదని ఎక్కడైనా అచ్చయి ఉంటే ఆ ముక్క రాయి, లేకపోతే అదీ పోతుంది. మిగిలింది పేరు, 1951, ఉపాధ్యాయ వృత్తి. ఐదు కవితా సంపుటాలు చేర్చు. దాన్ని మొలక అంటారు. మొలక అయినందుకు సిగ్గుపడనక్కరలేదు.

ఇప్పుడు అసలు కష్టమైన పని. ‘శ్రీ’ తీసెయ్యి. ‘గారు’ తీసెయ్యి. ‘జన్మించారు’ను ‘జన్మించాడు’ చెయ్యి. తెలుగు వికీపీడియా శైలి అది. ఎంతటి పెద్దవారినైనా వ్యాసంలో ఏకవచనంలోనే రాస్తారు. ఈ పద్ధతి మీద రచ్చబండలో, అంటే వికీపీడియావాళ్లు అందరూ చర్చించుకునే పేజీలో, వాదనలు జరిగాయి, కొత్తగా వచ్చే ప్రతివారూ ఒకసారి నొచ్చుకుంటారు, నేనూ నొచ్చుకున్నాను. నీకు మాత్రం దీన్నొక పరీక్షగా వాడుకొమ్మంటాను. మీ మాస్టారి పేరు పక్కన ‘పదవీ విరమణ చేశాడు’ అని రాయడానికి నీకు చేతులు వచ్చాయా? రాలేదని నీ వ్యాసమే చెబుతోంది. ముక్కూమొహం తెలియని ఏ పాత కవి గురించో అయితే క్షణం ఆలోచించకుండా రాసేదానివి.

రాసేవారికి ఆ మనిషితో ఉన్న సొంత సంబంధం ఇలా రాతకు అడ్డుపడటాన్ని పత్రికలవాళ్లు ‘పరస్పర విరుద్ధ ప్రయోజనాలు’ అంటారు. క్రికెట్ బోర్డు వార్తల్లో చూసే ఉంటావు. ఆ మాట వినగానే డబ్బు, పదవులు, కాంట్రాక్టులు తలపుకు వస్తాయి కాబట్టే నువ్వు “నేను ఒక్క రూపాయి తీసుకోలేదు” అని రాశావు. నమ్ముతున్నాను. డబ్బు తీసుకుని రాసేవాళ్ల సంగతి తేలిక, వాళ్లకు నియమం ఉంది. తమకు ఎవరు డబ్బిస్తున్నారో బయటపెట్టి తీరాలని 2014లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నిబంధనల్లోనే చేర్చింది. మన దగ్గర ఈ జబ్బు రూపాయల్లో రాదు. దాని పేరు మొహమాటం.

నీ మొదటి కవితా సంపుటికి ముందుమాట రాసింది ఆయనే కదా? ఆ సంగతి నీ ఉత్తరంలో లేదు. నీ పుస్తకం నా దగ్గర ఉంది కాబట్టి తెలిసింది. ఇందులో తప్పేమీ లేదు, గురువు ముందుమాట రాయకపోతే ఎవరు రాస్తారు? కానీ చదివేవాడికి ఈ లెక్క తెలియాలి. ఆయన నిన్ను లోకానికి పరిచయం చేశాడు, ఇప్పుడు నువ్వు ఆయన్ని పరిచయం చేస్తున్నావు. పెళ్లిలో చదివింపుల పుస్తకం ఉన్నట్టే మన సాహిత్యంలోనూ ఒకటి ఉంటుంది, ఎవరూ బయటపెట్టరు.

“నేను రాసినవన్నీ నిజాలే” అన్నావు. నేనూ ఇదే మాట అన్నాను, మా మేనమామ విషయంలో. ఆయన పద్యనాటకాలు ఆడేవాడు, సొంతంగా ఒక నాటక సమాజం నడిపాడు. నేను వికీపీడియాలో చేరిన కొత్తలో ఆయన మీద వ్యాసం రాశాను. వేషాలు, పరిషత్తు బహుమతులు, ఊరూరా ప్రదర్శనలు, అన్నీ రాశాను. ఒక్క అబద్ధం లేదు. అయితే సమాజం డబ్బు లెక్కల దగ్గర తగాదా వచ్చి, రెండుగా చీలి, కోర్టుకెక్కిన సంగతి రాయలేదు. పత్రికల్లో వచ్చిన వార్తే అది. మా అత్తయ్య బతికే ఉంది, రోజూ ఫోను చేస్తుంది, ఆవిడ మనవడు ఆ వ్యాసం చదివి వినిపిస్తాడు. ఎలా రాస్తాను?

మూడేళ్ల తరువాత ఎవరో ఆ సంగతి చేర్చారు. పత్రిక పేరు, తేదీ, పేజీ అన్నీ ఇచ్చారు. మర్యాదగా రెండే వాక్యాలు. నేను పది నిమిషాల్లో వాటిని తీసేశాను. కారణం రాయవలసిన చోట ‘మూలం సరిగా లేదు’ అని రాశాను. మూలం నిక్షేపంలా ఉందని నాకు తెలుసు. మర్నాడు ఒక నిర్వాహకుడు చర్చ పేజీలో ఒకే ప్రశ్న అడిగాడు: “ఈయన మీకు బంధువా?” దానికి జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ పేజీ చరిత్రలో నా అబద్ధం తేదీ, సమయంతో సహా ఇప్పటికీ ఉంది. ఎవరైనా చూడవచ్చు. వ్యాసంలో రాసినదాంట్లో అబద్ధం లేదు చూశావా, అబద్ధమంతా తీసేసినదాంట్లోనే ఉంది.

ఇది మనబోటివాళ్లకే వచ్చిన తెగులు కాదు. వికీపీడియా మొదలుపెట్టినవారిలో ఒకడైన జిమ్మీ వేల్స్ 2005లో తన గురించిన వ్యాసాన్ని తానే దిద్ది, ల్యారీ శాంగర్‌ను సహ స్థాపకుడిగా చెప్పిన మాటలు తీసేశాడు. పట్టుబడ్డాక, చేయకుండా ఉండవలసిందని ఒప్పుకున్నాడు. ప్రేమే కాదు, పగ కూడా ఇంతే. అమెరికాలో ఒక నవలా రచయిత మారుపేరుతో తనకు పడని రచయితల వ్యాసాల మీద ఏళ్ల తరబడి కసి తీర్చుకున్నాడు, 2013లో గుట్టు రట్టయింది. నీకు మాస్టారంటే ఎంత ఇష్టమో, ఆయనంటే అంత గిట్టనివాళ్లు కూడా మీ ఊళ్లో ఉండే ఉంటారు. వాళ్లను ఆ పేజీకి దూరంగా ఉండమనే నియమమే నీకూ వర్తిస్తుంది.

“పూర్వం పెద్దవాళ్లు తమవాళ్ల గురించి రాయలేదా?” అని అడుగుతావేమో. రాశారు. ఇంగ్లండులో లెస్లీ స్టీఫెన్ అని ఒకాయన ఉండేవాడు, నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ తండ్రి. ఆ దేశపు ప్రముఖుల జీవితాలన్నీ ఒకచోట చేర్చే జీవితచరిత్రల కోశానికి మొదటి సంపాదకుడు. 1885లో మొదటి సంపుటం వచ్చింది, 1900 నాటికి 63 సంపుటాలయ్యాయి. అందులో తన తండ్రి మీద వ్యాసం ఆయనే రాశాడు. పిల్లనిచ్చిన మామ థాకరే మీద, అంటే కలకత్తాలో పుట్టిన ఆ నవలాకారుడి మీద, ఆయనే రాశాడు. అన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ మీదా ఆయనే. ఈ అన్న మనకు కొత్తవాడు కాదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం ముసాయిదా ఆయన చేతిదే. ఏ సాక్షి మాట ఎంతవరకు చెల్లుతుందో దేశానికంతకూ నిర్ణయించిన మనిషి జీవితానికి సాక్ష్యం చెప్పింది సొంత తమ్ముడు! నాకు తలచుకున్నప్పుడల్లా నవ్వు వస్తుంది.

కానీ ఒక తేడా ఉంది. ఆ కోశంలో ప్రతి వ్యాసం చివరా రాసినవారి పొడి అక్షరాలు ఉండేవి. ఎల్. ఎస్. అని చూడగానే, ఇది తమ్ముడు అన్న గురించి చెబుతున్న మాట అని పాఠకుడికి అర్థమయ్యేది. దాన్నిబట్టి ఎంత నమ్మాలో అంత నమ్మేవాడు. వికీపీడియాలో వ్యాసం కింద ఎవరి సంతకమూ ఉండదు. అందరి తరఫునా చెబుతున్నట్టు ఉంటుంది. నువ్వు శిష్యురాలిగా చెప్పిన మాట అక్కడ ఎవరూ చెప్పని మాటలా, లోకమంతా ఒప్పుకున్న మాటలా కనబడుతుంది. ఇబ్బంది అంతా అక్కడే. లెస్లీ స్టీఫెన్ కూడా అన్న గురించి మనసారా చెప్పదలచుకున్నది 1895లో విడిగా, తన పేరుతో, పుస్తకంగా వేసుకున్నాడు.

నువ్వూ అదే చెయ్యి. మాస్టారు చెట్టు కింద పోతన పద్యం చెప్పిన రోజు, నీ మొదటి పద్యంలో యతి తప్పితే ఆయన కోప్పడకుండా మూడుసార్లు తనే చదివి వినిపించిన తీరు, నీ వ్యాసంలో బతికి ఉన్న రెండే రెండు ముక్కలు ఇవి. వికీపీడియాలో వీటికి చోటు లేదు. ఏదైనా పత్రికకు వ్యాసంగా పంపు, కింద నీ పేరు పెట్టు. అక్కడ ‘గారు’ అని ఎన్నిసార్లయినా రాసుకో.

ఇక మూలాలు. మొత్తం పదకొండు ఇచ్చావు. కూర్చుని అన్నీ తెరిచి చూశాను. ఆరు పత్రికల జిల్లా పేజీల్లో వచ్చిన సన్మాన వార్తలు. ఆరింటిలోనూ ‘సాహితీ కృషీవలుడు’ అనే మాట ఉంది, అంటే ఆరుగురు విలేకరులకూ ఒకే కాగితం అందింది. ఆ కాగితం రాసింది ఎవరో నాకు చెప్పనక్కరలేదు. మూడు ఆయన అభినందన సంచికలోని వ్యాసాలు. ఒకటి ఆయన నీ పుస్తకానికి రాసిన ముందుమాట. ఇవి పదీ ఒకే ఇంటి అద్దాలు. పదకొండోది మాత్రం బంగారం. 1990లలో ఒక మాసపత్రికలో ఎవరో విమర్శకుడు ఆయన రెండో సంపుటిని సమీక్షించాడు. నడక బిగువుగా ఉందని, ఊహలు మాత్రం అరిగిపోయినవని అన్నాడు. నువ్వు నడక సంగతి తీసుకుని ఊహల సంగతి వదిలేశావు. మొహమాటం అంటే ఏమిటో నేను ఇంతసేపు చెప్పినదానికంటే నువ్వు వాక్యాన్ని సగానికి తుంచిన ఆ చోటే బాగా చూపిస్తుంది.

పుట్టిన తేదీ గురించి అడిగావు. జూలై 1 అనేది బడిలో చేర్చుకున్నప్పుడు వేసిన తేదీ అని, నిజానికి కార్తీకంలో పుట్టాడని వాళ్లమ్మగారు చెప్పగా నువ్వు విన్నావు. నిజమే అయి ఉంటుంది, మా తరంలో సగం ఊరు జూలై 1నే పుట్టింది. అయినా నువ్వు విన్నది అక్కడ పనికిరాదు. అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ అంతటివాడికే తప్పలేదు. తన నవలలోని పాత్రకు ప్రేరణ ఎవరో వికీపీడియాలో తప్పుగా ఉందని దిద్దించబోతే, రచయితే చెప్పినా మరో మూలం కావాలన్నారు. 2012లో ఆయన న్యూయార్కర్ పత్రిక ద్వారా బహిరంగ లేఖ రాశాడు, ఆ లేఖే మూలమయింది. మాస్టారి చేత ఆత్మకథాత్మకంగా ఒక వ్యాసం రాయించి ఎక్కడైనా అచ్చు వేయించు, తేదీ దానంతట అదే సర్దుకుంటుంది.

వ్యాసంలోకి ఇక నువ్వు చెయ్యి పెట్టవద్దు. పూర్తిగా నిషేధమని కాదు, వద్దని గట్టిగా చెబుతారంతే. నీ వాడుకరి పేజీలోనూ, వ్యాసం చర్చ పేజీలోనూ “ఈయన నా గురువు, నా పుస్తకానికి ముందుమాట రాశారు” అని ఒక వాక్యం రాయి. మార్పులు ఏవైనా కావాలనుకుంటే అక్కడే, మూలంతో సహా అడుగు. సంపుటాల పేర్లు, ప్రచురణ సంవత్సరాలు, ఏ గ్రంథాలయంలో దొరుకుతాయో అన్నీ అక్కడ పెట్టు. సంబంధం లేనివారెవరో చూసి చేరుస్తారు. ఆలస్యమవుతుంది. ఒకవేళ తొలగింపు చర్చలో వ్యాసం పోయినా, మాస్టారు గొప్పవాడు కాదని ఎవరూ అన్నట్టు కాదు. ఆయన గురించి బయటివాళ్లు ఇంకా తగినంత రాయలేదని అర్థం. ఆయన్ని పొగడని ఆ విమర్శకుడి లాంటివాళ్లు ఇంకో ఇద్దరు దొరికితే వ్యాసం నిలబడుతుంది.

ఫోటో సంగతి మరచిపోయాను. నువ్వు ఎక్కించినది ఏదో స్టూడియోలో తీయించుకున్నది. ఫోటోలో ఉన్నది ఆయనే, తీయించుకున్నదీ ఆయనే కావచ్చు, కానీ దాని మీద హక్కు నీది కాదు. దాన్ని తీసేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు నీ ఫోనుతో నువ్వే ఒకటి తీసి, వికీపీడియా బొమ్మలు దాచుకునే వికీమీడియా కామన్సులో పెట్టు. ఎంత దగ్గరివాళ్లు తీసినా ఫోటోకు అభ్యంతరం చెప్పేవారు లేరు.

అప్పుడే ఆ సమీక్ష రెండో సగం కూడా వ్యాసంలోకి వస్తుందని మాస్టారికి చెప్పు. కొత్తగా బాధపడతాడని భయపడకు. ముప్పై ఏళ్లయినా ఆయనకు అందులోని ప్రతి వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది. నా మొదటి పుస్తకం మీద వచ్చినది నాకు ఇప్పటికీ వచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న