పెటల్స్ అరౌండ్ ద రోజ్: నాకు మూడు రోజులు పట్టింది, తప్పంతా నోటుబుక్కుదే

"పెటల్స్ అరౌండ్ ద రోజ్ అనే పాచికల పజిల్ తెలివైనవాళ్లకే ఎక్కువసేపు పడుతుందంటారు, నిజమేనా?" అని అడిగారు. నాకు మూడు రోజులు పట్టింది కాబట్టి అవునంటే నాకే లాభం. కానీ కాదు. తెలివికీ దీనికీ సంబంధం లేదు, చదువుకున్న తీరుకి ఉంది.

అప్పట్లో గుంటూరు నుంచి విజయవాడకి సీజన్ టికెట్టు మీద తిరిగేవాణ్ణి. ఉన్నది ముప్పై కిలోమీటర్ల చిల్లర, సాయంత్రం బండి మాత్రం ఏ కాశీయాత్రకో బయలుదేరినట్టు నడిచేది. మా బ్యాచ్‌లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ఒకరోజు జేబులోంచి ఐదు లూడో పాచికలు తీసి, నా క్యారియర్ మూతలో వేశారు. 2, 3, 6, 5, 5 పడ్డాయి. "పది" అన్నారు. మళ్లీ వేశారు. 1, 1, 4, 6, 2. "సున్నా" అన్నారు.

"ఆట పేరు పెటల్స్ అరౌండ్ ద రోజ్, అంటే రోజా చుట్టూ రేకులు. పాచికలు చూసి నేను చెప్పే జవాబు ఎలా వస్తోందో నువ్వు కనిపెట్టాలి. పేరులోనే అంతా ఉంది. జవాబు సున్నా గానీ సరి సంఖ్య గానీ అవుతుంది. ఇంతకు మించి నన్నేమీ అడక్కు" అన్నారు.

నేను అకౌంట్స్ మనిషిని. వెంటనే నోటుబుక్కు తీసి గళ్లు గీశాను. మొదటిరోజు మంగళగిరి వచ్చేసరికి మొత్తాలు కూడి చూశాను, కుదరలేదు. నంబూరు దగ్గర పాచికల అడుగువైపు లెక్క వేశాను. ఎదురెదురు ముఖాలు కలిపితే ఏడు వస్తాయి కదా, అందులో ఏదో మర్మం ఉందనుకున్నాను. లేదు. ఎదురు సీట్లో పల్లీలు తింటున్న కుర్రాడు మాకు తెలియకుండానే ఆటలోకి దిగి, అడ్డదిడ్డంగా అంకెలు అరవడం మొదలుపెట్టాడు. అదొక తలనొప్పి.

రెండోరోజు దొరికింది. దొరికిందనే అనుకున్నాను. సరి సంఖ్యలన్నీ వదిలెయ్యాలి, బేసి సంఖ్యలో ఒకటి తీసెయ్యాలి. ఒకటికి సున్నా, మూడుకి రెండు, ఐదుకి నాలుగు. పదిసార్లు వేయించాను, పదిసార్లూ కరెక్టు చెప్పాను. కాలర్ ఎగరేశాను.

మాస్టారు నవ్వలేదు. "జవాబు సరే. రోజా ఏదోయ్?" అన్నారు.

ఒళ్లు మండింది. కరెక్టు చెప్పానా లేదా? ఇంకా రోజా ఎందుకు? నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో ఇలా ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆప్షన్ బి అయితే బి, బబుల్ నింపు, పక్క ప్రశ్నకి పో. పొద్దున ఐదింటికి లేపి రెండేళ్లు నేర్పింది అదే. మా ఊళ్లలో ఆ కోచింగ్ లోంచి వచ్చినవాళ్లు సగంమంది ఇప్పటికీ లైఫంతా ఆప్షన్ బి మీదే నడిపిస్తున్నారు. ఈ లెక్క ఎవరైనా తప్పంటే ఒప్పుకోను.

1977లో డల్లాస్‌లో కంప్యూటర్ కాన్ఫరెన్స్ ముగించుకుని విమానంలో తిరిగి వెళ్తూ బిల్ గేట్స్ కూడా ఈ ఆటతో తంటాలు పడ్డాడని, సూత్రం పట్టకముందే పాత జవాబులు గుర్తుపెట్టుకుని కొన్ని కరెక్టు చెప్పాడని ఒక కథ ఉంది. అది చదివాక నాకు కాస్త మనశ్శాంతి కలిగింది. బట్టీ బ్యాచ్‌లో మనమొక్కళ్లమే లేమన్నమాట.

మూడోరోజు బండి కృష్ణా కెనాల్ దాటాక ఆగింది. కాసేపటికి పెట్టెలో లైట్లు పోయాయి. మే నెల, ఫ్యాన్లు కూడా లేవు. మాస్టారు పాచికలు నా చేతిలో పెట్టి విసనకర్రలా న్యూస్‌పేపర్ ఊపుకుంటున్నారు. ఊరికే కూర్చోలేక చీకట్లో ఒక పాచికని బొటనవేలితో తడుముతున్నాను. ఒక ముఖం మధ్యలో గుంట తగిలింది. తిప్పాను, మధ్యలో నున్నగా ఉంది. ఇంకోటి తిప్పాను, మధ్యలో గుంట, చుట్టూ నాలుగు.

ఆటని సొంతంగా విప్పాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. తెలిసినవాళ్లు బయటపెట్టకూడదని దీనికొక ఆనవాయితీ ఉంది, నాకు మాత్రం అది ఉత్త గొప్పలు అనిపిస్తుంది.

మధ్య చుక్కే రోజా. దాని చుట్టూ ఉన్న చుక్కలు రేకులు. ఐదుకి నాలుగు రేకులు, మూడుకి రెండు. ఒకటిలో రోజా ఉంది, రేకులు లేవు. రెండు, నాలుగు, ఆరులో మధ్య చుక్కే లేదు కాబట్టి పువ్వే లేదు. నోటుబుక్కులో "5" అని రాసుకున్నప్పుడే నేను పువ్వుని చెరిపేసి అంకె మిగుల్చుకున్నాను. తరవాత రెండు రోజులు ఆ అంకెని ఎంత పిండితే ఏం లాభం?

కొత్తగా ఆడేవాళ్లకి నా సలహా ఒకటే: పెన్ను ముట్టకండి, సున్నా పడినప్పుడు జాగ్రత్తగా చూడండి. అది దాదాపు ఎనిమిదిసార్లకి ఒకసారి పడుతుంది, 243కి 32 వంతున. పనికిరాని ముఖాలన్నీ అప్పుడు ఒకచోట కనిపిస్తాయి. ఇంకో తమాషా, ఎక్కువసార్లు వేసి సగటు తీస్తే ఐదుకి దగ్గరగా వస్తుంది, కానీ ఐదు అనే జవాబు ఒక్కసారి కూడా రాదు.

లైట్లు వచ్చాక మాస్టారికి చెప్పాను. "ఇంకెవరికీ చెప్పకు" అన్నారు. పక్క సీట్లో పల్లీల కుర్రాడు "నాకు నిన్ననే తెలుసండీ, పువ్వులు లెక్కపెట్టడమే కదా" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, "మీరు రాసుకుంటున్నారు కదండీ, డిస్టర్బ్ చెయ్యడమెందుకని" అన్నాడు.