వానాకాలపు కుంటలో చేపలు: ఊరి వారికే అమ్ముకునేలా పెంచడం ఎలా?

సందేహం: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మా అర ఎకరం కుంటలో జూలై నుంచి మార్చి వరకు నాలుగైదు అడుగుల నీరు ఉంటుంది, ఎండాకాలంలో ఎండిపోతుంది. కోస్తా జిల్లాల్లో మాదిరిగా మేత కొని పెంచి ఒకేసారి వ్యాపారికి అమ్మాలా, లేక మా ఊళ్ళోనే అమ్ముకునేలా పెంచవచ్చా? వరద నీటితో వచ్చే పరిగెలనే చిన్న చేపలను, కొర్రమీనులను పూర్తిగా తీసివేయాలా?

సలహా: మీ కుంటకు కోస్తా పద్ధతి నప్పదు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువుల్లో కాలువ నీటిని నింపి ఏడాది పొడవునా నిలుపుకుంటారు. అక్కడ పట్టిన చేపను మంచులో పెట్టి లారీల్లో బెంగాల్, అస్సాం వరకు పంపుతారు. అక్కడి లెక్కలన్నీ కిలో దాటిన చేపను ఒకేసారి టన్నుల్లో పట్టడం మీద నడుస్తాయి. అర ఎకరం కోసం వ్యాపారి లారీ పంపడు, పంపినా ధర అతను చెప్పిందే. ఊళ్ళో కొనేవారికి అర కిలో, ముప్పావు కిలో చేప చాలు, పైగా వారికి అది ప్రతివారం కావాలి. కాబట్టి డిసెంబరు నుంచి మార్చి వరకు విడతలుగా పట్టేలా ఇప్పుడే ప్రణాళిక వేసుకోండి.

కుంట ఏటా ఎండిపోవడం మీకు కలిసివచ్చే విషయమే. నీరు నిలిచే చెరువుల్లో పనికిరాని చేపలను తొలగించడానికి ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి) వేయవలసి వస్తుంది. మీకు ఆ ఖర్చు ఉండదు. అడుగు మట్టి నెర్రెలు విచ్చేదాకా ఎండనిచ్చి, పైపొర పూడికను తీసి చేలో చల్లుకుని, 40–50 కిలోల సున్నం వేయండి. నీరు చేరిన తర్వాత మొదట 400 కిలోల పశువుల పేడ, ఆపై నెలకు 200 కిలోల చొప్పున వేస్తే నీటిలో ప్లవకాలు (చేపలు తినే సూక్ష్మజీవులు) పెరిగి మేత ఖర్చు తగ్గుతుంది. మోచేతి వరకు చేయి ముంచినప్పుడు అరచేయి అప్పుడప్పుడే కనుమరుగవుతుంటే నీరు సరిగా ఉన్నట్లు. అంతకుముందే కనబడకపోతే పేడ ఆపాలి.

వేలెడంత పిల్లలను వదిలితే మీకున్న ఎనిమిది నెలల్లో అవి అమ్మకపు సైజుకు రావడం కష్టం. ఎదుగుదలను అదుపులో ఉంచి పెంచిన, ఏడాది వయసున్న 80–100 గ్రాముల పిల్లలను 800 నుంచి 900 వరకు తీసుకోండి. వాటిలో బొచ్చె, రవ్వ చెరి మూడో వంతు, మిగిలినవి మోసు, బంగారుతీగ ఉండేలా చూడండి. ఇవి పై నీటిలో, మధ్యలో, అడుగున వేర్వేరుగా మేస్తాయి. బంగారుతీగ గట్లను తవ్వుతుంది కనుక నూటికి మించవద్దు. గట్టున గడ్డి దండిగా ఉంటే నలభై, యాభై గడ్డిచేపలు కూడా వేసుకోవచ్చు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ త్వరగా పెరుగుతుందని ఎవరైనా చెప్పినా వేయకండి. దాని పెంపకం మన దేశంలో నిషిద్ధం, కుంట తెగితే వాగులోని చేపలన్నిటినీ తినేస్తుంది.

మేతగా తవుడు, పల్లిచెక్క సమంగా కలిపి రోజుకు మొదట రెండు కిలోలు, చేపలు పెరిగే కొద్దీ డిసెంబరు నాటికి ఐదారు కిలోలు ఇవ్వండి. నీటిలో చల్లవద్దు. అడుగున రంధ్రాలు పెట్టిన సంచిలో పోసి, వెదురు గుంజకు కట్టి నీటిలో వేలాడదీస్తే చేపలు పొడుచుకుని తింటాయి, వృథా తగ్గుతుంది. ఈ ఒక్క పద్ధతిని మాత్రం కోస్తా రైతుల నుంచి తప్పక నేర్చుకోవాలి. రెండు, మూడు గంటల తర్వాత సంచిలో మేత మిగిలితే మరునాడు తగ్గించండి. కోళ్ళ వ్యర్థాలు ఎంత చవకగా దొరికినా వాడకండి: నీరు చెడుతుంది, కొనేవారి ఆరోగ్యానికీ ముప్పు.

ఇక పరిగెల విషయం. కొర్రమీను, వాలుగ, మార్పు వంటి వేటచేపలు మీరు వదిలిన చేపపిల్లలను మింగేస్తాయి కాబట్టి నీరు వచ్చే తూముకు సన్నకన్ను వల తప్పనిసరిగా కట్టాలి. పరిగెలు అలాంటివి కావు. మేతలో వాటా తీసుకుంటాయని మేము కూడా చాలాకాలం వాటిని కలుపు చేపలుగానే చూస్తూ వచ్చాం, కానీ ఇంటి తిండి లెక్కలో ఆ దృష్టి సరికాదు. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేపను బొచ్చె, రవ్వలతో కలిపి పెంచుతారు. దాని కళ్ళలో విటమిన్ ఎ అధికంగా ఉండటమే కారణం. మన పరిగెలను ముళ్ళతో సహా తింటాం కాబట్టి వాటితో ఇంట్లోని పిల్లలకు సున్నపు ధాతువు (కాల్షియం) అందుతుంది. కుంటలోనే గుడ్లు పెట్టి పెరుగుతాయి, చేపపిల్లలు కొనే పని లేదు. పది, పదిహేను రోజులకొకసారి సన్నవలతో పలచన చేసి ఇంటికి వాడుకుంటూ ఉంటే పెద్ద చేపల పెరుగుదలకు పెద్దగా ఇబ్బంది ఉండదు.

డిసెంబరు నుంచి వారానికొకసారి అర కిలో దాటిన చేపలను మాత్రమే పట్టి, చిన్నవాటిని వదిలేయండి. చోటు, మేత దక్కి మిగిలినవి వేగంగా పెరుగుతాయి. జాగ్రత్తగా పెంచితే మార్చి వరకు మొత్తం 400–500 కిలోలు రావచ్చు. నీరు మూడడుగులకు దిగకముందే చివరి పట్టు ముగించి, మిగిలిన నీటిని కూరగాయల మడులకు పారించండి.

ఆగస్టు, సెప్టెంబరులో మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి గుటకలు వేస్తుంటే ప్రాణవాయువు తగ్గినట్లు. ఆ రోజు పేడ, మేత ఆపి, బోరు నీటిని ఎత్తునుంచి పడేలా వదలండి. చలికాలంలో ఒంటిపై ఎర్రమచ్చలు, పుండ్లు కనబడితే సీఫాక్స్ మందు సుమారు 250 మిల్లీలీటర్లు నీటిలో కలిపి కుంటంతా చల్లండి. యాంటీబయాటిక్స్ జోలికి పోవద్దు. పిల్లల కోసం జూన్ మొదటి వారంలోనే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో విచారించండి, ఆలస్యమైతే పెద్ద సైజు పిల్లలు దొరకవు.