‘జ’ రాయమంటే ‘హ’ రాస్తోంది

ప్రశ్న: మా బడిలో మూడో తరగతి పాప బ్రెయిలీ అక్షరాలను వేలితో బాగానే గుర్తుపడుతుంది. కాగితం బిగించే బ్రెయిలీ పలక మీద రాయమంటే మాత్రం ‘జ’కు బదులు ‘హ’, ‘ఇ’కి బదులు ‘ఏ’ రాస్తోంది. ఐఈఆర్‌పీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే రిసోర్స్ టీచరు) వారానికోసారి వస్తారు. మిగతా రోజులు నేనేం చేయించాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: పాపకు అక్షరాలు వచ్చు మేడం, వరుసలే తారుమారవుతున్నాయి. అక్షరం పట్టే ఒక్కో గడిలో రెండు నిలువు వరుసల్లో ఆరు చుక్కలుంటాయి. చదివేటప్పుడు ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. ‘జ’ అంటే 2, 4, 5. ఎడమ కుడైతే అది 1, 2, 5 అవుతుంది, అంటే ‘హ’. ‘ఇ’ 2, 4. ‘ఏ’ 1, 5. ఇవీ అంతే. ‘ఓ’, ‘ఔ’ రాయించి చూడండి, అక్కడా తడబడుతుంది. స్టైలస్‌తో (చుక్కలు పొడిచే మొన) పొడిచిన చుక్క కాగితం అవతలి వైపు లేస్తుంది. అందుకే కుడి నుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి చదువుతాం.

‘అద్దంలోలాగా రాయి’ అని దయచేసి చెప్పకండి. చూపు లేని బిడ్డకు ఆ మాట అక్కరకు రాదు. కుడి, ఎడమ అనడం కూడా కొన్నాళ్లు మానేసి ‘ముందు వరుస’, ‘వెనక వరుస’ అనండి. చదివినా రాసినా చెయ్యి సాగే దారిలో మొదట తగిలేది ముందు వరుస. 1, 2, 3 ఎప్పుడూ దానివే. ‘జ’కు ముందు వరుసలో నడిమిది, వెనక వరుసలో పైది, నడిమిది అని పాప పైకి చెబుతూ పొడవాలి. రోజుకు రెండు అక్షరాలు చాలు. ఒక పంక్తి నిండగానే కాగితం తీసి తిప్పి, తన రాత తనే చదువుకోవాలి. తప్పు మీరు చెప్పకముందే ఆమె వేలికి తగలాలి.

ఏ కాగితం మీద రాయిస్తున్నారో కూడా చూసుకోండి. నోటుబుక్కు కాగితం చిరుగుతుంది, చుక్క నిలవదు. 140 జీఎస్‌ఎం దళసరిది తెప్పించండి. స్టైలస్ నిటారుగా ఉండాలి, వాలితే చుక్క బదులు చిల్లు పడుతుంది. తప్పు చుక్కను గట్టి బల్ల మీద గోటితో నొక్కితే అణుగుతుంది. రాసిన కాగితాల మీద పుస్తకాల బరువు పెట్టొద్దు.

డిక్టేషన్ చెప్పేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. బ్రెయిలీలో ఒత్తు కిందికి రాదు. ‘అమ్మ’ అంటే అ, 4వ చుక్క, మ, మ. ఆ 4వ చుక్కే పొల్లు, అది హల్లుకు ముందే వస్తుంది. కాబట్టి ‘మకు మ ఒత్తు’ అనకుండా ‘పొల్లు, మ, మ’ అనండి. గుణింతానికి వేరే గుర్తుల్లేవు. ‘కి’ అంటే క పక్కన ఇ, అంతే.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. పుస్తకం ముఖానికి ఆనించుకొని పెద్దక్షరాలు చదువుతాడు. డాక్టరు రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. బ్రెయిలీ ఇప్పుడే నేర్పాలా?
– ఒక తండ్రి, అచ్చంపేట

జవాబు: ఇప్పుడే నేర్పించండి. ఈ జబ్బులో చూపు సాధారణంగా అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. చూపున్నప్పుడే వేళ్లకు పని అలవాటైతే చదువు ఆగదు. పెద్దక్షరాలు మాన్పించనక్కర్లేదు, రెండూ సాగనివ్వండి. చూపు మిగిలిన పిల్లలు చుక్కలను కళ్లతోనే చదివేస్తారు, అందుకని చేతుల మీద తువ్వాలు కప్పండి. వేలు గట్టిగా నొక్కితే మొద్దుబారుతుంది. ఒకే అక్షరం మీద కిందికీ మీదికీ గీకనివ్వకండి; వరుస వెంట తేలిగ్గా జరగాలి. కుడి వేలు చదువుతుంటే ఎడమ వేలు తర్వాతి వరుస మొదలు పట్టుకుని ఉండాలి.

మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో బ్రెయిలీ నేర్పమని రాతపూర్వకంగా అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. దరఖాస్తుకు వైకల్య ధ్రువపత్రం నకలు జతచేయండి.